కజీమియెష్ రాజుగారి గడ్డం

పోలండ్‌లోని బోఖ్న్యా ఊళ్లో ఎవారిస్ట్‌ను ఎరగనివాళ్లు లేరు. ఆయనకు ఒకటే చాదస్తం: తను సేకరించిన నాణేలను ఎవరూ ముట్టుకోకూడదు. తెల్ల చేతితొడుగులు లేనిదే తనూ ముట్టడు. అదో మడి!

మేనకోడలు కింగా వెళ్లినా మినహాయింపు లేదు.

"చేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్నా మామయ్యా."

"సబ్బుతోనా?"

"సబ్బుతోనే."

"అయితే చేతులు వెనక్కి కట్టుకుని చూడు."

పూర్వం పోలండ్‌ను ఏలిన కజీమియెష్ మహారాజు జ్ఞాపకార్థం వేసిన వెండి నాణెం దగ్గరైతే ఊపిరి కూడా బిగబట్టాల్సిందే. క్రిస్మస్ వెళ్లాక ఇంటింటినీ దీవించడానికి వచ్చిన ఫాదర్ గారు పవిత్ర జలం చల్లబోతే, గొడుగు విప్పి నాణేల పెట్టెకు అడ్డం పెట్టాడు మహానుభావుడు.

"దేవుడి దీవెనయ్యా, ఎవారిస్ట్!"

"దీవెనతో పేచీ లేదు ఫాదర్, నీళ్లతోనే. వెండి మచ్చ పడుతుంది."

ఆ ఫిబ్రవరిలోనే ఆయన నిద్రలో పోయాడు. పెళ్లీ పెటాకులూ లేవు. ఎవరినీ దగ్గరికి రానివ్వని మనిషి చివరికి ఎవరూ లేకుండానే పోయాడే అని కింగా కుమిలిపోయింది. సమాధి దగ్గర కంటే ఆ ఖాళీ ఇంట్లో ఎక్కువ ఏడ్చింది.

సామాన్లు సర్దుతూ పెట్టె తెరిచి ఉలిక్కిపడింది. రాజుగారి నాణెం నిండా వేలిముద్రలే! బొమ్మలో ముక్కు నల్లబడింది, గడ్డం అరిగింది.

"అయ్యో, ఎవరు చేశారీ పని?"

"నేనేనమ్మా" అంది గుమ్మంలోంచి ఒతీలియా. కింది అంతస్తులో ఉండే ముసలావిడ, పుట్టుగుడ్డి. "ఆదివారం ఆదివారం నా దగ్గరే భోంచేసేవాడు. ఆపైన నన్నిక్కడికి తీసుకొచ్చి నాణేలు చూపించేవాడు. చేతులు కడుక్కొస్తానంటే, వద్దు, చన్నీళ్లకి వేళ్లు కొంకర్లుపోతాయి అనేవాడు."

కింగా నాణెం తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

ఒతీలియా నాణెం మీది గడ్డం తడిమింది. "తనూ అచ్చం ఈ రాజులాగే ఉంటానన్నాడమ్మా. ఉంగరాల జుట్టు, గుబురు గడ్డం. ఒక్కసారి మొహం తడిమి చూడనా అని అడుగుదామనుకున్నా. ఈ వయసులో సిగ్గేసింది. ఇప్పుడిక నిన్నే అడగాలి. నిజమేనా?"

కింగా గోడమీది మామయ్య ఫొటో వంక చూసింది. నున్నటి బట్టతల, నున్నగా గీసిన గడ్డం, చేటల్లాంటి చెవులు.

"నిజమేనండీ" అంది కళ్లు తుడుచుకుంటూ. "గడ్డమైతే రాజుగారికన్నా మామయ్యకే గుబురు."

"అనుకున్నా!" అని ఒతీలియా పకపకా నవ్వింది. "అందుకేనన్నమాట, సూపు తాగేటప్పుడు అంత చప్పుడు!"