ఎగువకి ఒక్క పూట

మా అత్త పోయిందని బావ ఫోన్ చేసినప్పుడు నేను ఇబ్రహీంపట్నంలో ఒక కిరాణా కొట్టు ముందు నిలబడి, టీ పొడి ప్యాకెట్లు ఎండలో ఎందుకు పెట్టారని కొట్టాయనతో దెబ్బలాడుతున్నాను. "అమ్మ లేదమ్మాయ్. పొద్దున చేపలు ఆరబెట్టి వచ్చి, కాసేపు నడుం వాలుస్తానంది. మళ్ళీ లేవలేదు" అన్నాడు బావ. కొట్టాయన నా మొహం చూసి దెబ్బలాట మానేసి స్టూలు వేశాడు. ఆ స్టూలు మీద కూర్చుని నేను చేసిన మొదటి పని చెబితే నవ్వుతారు. కృష్ణా నది ఏ వైపుందా అని తల తిప్పి చూశాను. ఆవిడ పెట్టిన అలవాటు అది.

ఆవిడ మా నాన్నకి అక్క. బందరు దిగువన, సముద్రంలో కలిసే ఒక పాయ ఒడ్డున ఉండేది. ఎండు చేపలు, ఎండు రొయ్యలు గంపకెత్తుకుని తెల్లవారే ప్యాసింజరు ఎక్కి బెజవాడ రావడం, అమ్ముకుని సాయంత్రం బండికి దిగిపోవడం, నలభై ఏళ్లు అదే పని. పొద్దున ఎగువకి, సాయంత్రం దిగువకి. ఆ బండిలో మీరెప్పుడైనా ఎక్కి, వాసనకి ముక్కు మూసుకుని ఉంటే, ఆ గంప మా అత్తదే అయ్యుండొచ్చు. క్షమించండి. బడి మొహం చూడని మనిషి. బస్సు మీద బోర్డు చదవడం కూడా రాదు. అయినా నెల్లూరు నుంచి విశాఖపట్నం దాకా ఏ ఊళ్లో దింపినా, దిగిన పావుగంటకి ఆ ఊళ్లో పుట్టినదానిలా నడిచేది.

ఇక నా సంగతి. దారి తప్పడంలో నాకు సాటి లేదు. పదిహేనేళ్ల కిందట నాకు టీ పొడి కంపెనీలో సేల్స్ ఉద్యోగం వచ్చింది. నాన్న మంచాన పడ్డ ఏడాది అది. ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. మేనేజరు గారు మొదటి రోజే తేల్చి చెప్పేశారు. "మూడు నెలల్లో ఊళ్లన్నీ మీకు కరతలామలకం అయిపోవాలమ్మా. లేదంటే నేనేం చెయ్యలేను." అప్పటికి నా చేతిలో ఉన్నది మీటల ఫోను. మొదటి వారంలోనే బెంజ్ సర్కిల్ దగ్గర ఏ రోడ్డు ఎటు పోతుందో తెలియక, రెండు సార్లు తప్పు బస్సెక్కి, మూడోసారి ఏ బస్సూ ఎక్కే ధైర్యం లేక ఇంటికి నడిచొచ్చి ఏడ్చాను.

ఆ రోజు అత్త ఖాళీ గంపతో మా ఇంట్లోనే ఉంది. "ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అంది.

"ఎవరూ ఏమీ అనలేదత్తా. ఊళ్లు నాకు అర్థం కావట్లేదు."

"ఓసి నీ మొహం! అర్థం కావడానికి అవేమన్నా పుస్తకాలా? పొద్దున్నే తయారవ్వు, నాతో వద్దువుగాని."

మర్నాడు నన్ను బ్యారేజీ మీదకి తీసుకెళ్ళింది. నేను పుట్టి పెరిగిన ఊరది. ఆ వంతెన మీద వెయ్యిసార్లు తిరిగి ఉంటాను. కానీ ఆ పొద్దున చూసినట్టు ఎప్పుడూ చూడలేదు. ఒక పక్క నది నిండుగా ఆగి ఉంది. అక్కణ్ణించి కాలవలు విడివడి, ఒకటి బందరు వైపు, ఒకటి ఏలూరు వైపు, ఊరి మధ్యలోంచి పోతున్నాయి. "చూశావా? మన ఊళ్లన్నీ ఈ నీళ్లు తాగే పుట్టాయి. ఏ ఊరెళ్ళినా ముందు కాలవ దగ్గరకి పో. నీళ్లు పోయే వైపు మా ఇల్లు. నీళ్లు వచ్చే వైపు మీ ఇల్లు. ఈ రెండిళ్ల మధ్యన తప్పిపోవడానికి నీకు చోటెక్కడిదే?" అంది. ఇరవై రెండేళ్లు నెత్తిన పెట్టుకు మోసిన భయాన్ని ఆవిడ చేప పొలుసు తీసినట్టు ఒక్క ఊపులో తీసేసింది.

తర్వాత, బెజవాడలో బేరం లేని రోజుల్లో, చాలా ఊళ్లకి ఆవిడ వెంట తిరిగాను. కొత్త ఊరికి వెళ్తే మొదటి రోజు గంప తెచ్చేది కాదు. బజారు మొదట్లో కూర్చుని, ఆడవాళ్ళు సంచులతో ఏ సందులోంచి వస్తున్నారో, ఏ సందులోకి పోతున్నారో చూస్తూ ఉండేది. ఎవరన్నా పలకరిస్తే మంచినీళ్లు అడిగేది. "ఊరికి మొదటిరోజు అమ్మడానికి వెళ్ళకూడదే. కనబడ్డానికి వెళ్ళాలి" అనేది. నేను బ్యాగులో టీ పొడి పెట్టుకుని గింజుకుపోతుంటే చెయ్యి పట్టి కూర్చోబెట్టేది. ఏ ఊరి మీదైనా ఆవిడకో తీర్పుండేది. గుంటూరు వాళ్ళు గోంగూరలోకి ఎండు రొయ్యలంటే ప్రాణం పెడతారట. తెనాలి వాళ్ళు వాసన చూడందే తీసుకోరట. బెజవాడ వాళ్ళయితే, "కొనరు, కోర్టులో అడిగినట్టు ప్రశ్నలడుగుతారు. అడిగి అడిగి చివరికి కొంటారు." ఈ తీర్పులు నిజమో కాదో గానీ, వాటిని పట్టుకుని నేను టీ పొడి అమ్మాను.

అంతా బాగానే ఉందనుకుంటుండగా పామర్రులో కొంప మునిగింది. అప్పటికి మూడో నెల. పామర్రుకి దిగువన ఒక ఊళ్లో పెద్ద డీలరు. మధ్యాహ్నం మూడింటికి రమ్మన్నాడు. ఆయన ఒప్పుకుంటే నా ఉద్యోగం నిలుస్తుంది. బస్సు దిగి, గొప్పగా కాలవ దగ్గరకెళ్ళి చూశాను. గుర్రపుడెక్క తేలుతూ నెమ్మదిగా పోతోంది. అటే దిగువ అనుకుని కాలవ గట్టు పట్టుకుని నడిచాను, నడిచాను. రెండు మైళ్లు నడిచాక గేదెలు తోలుకుపోతున్న ఒకాయన్ని ఆ ఊరింకెంత దూరమని అడిగితే, "ఎగువకి పోతా దిగువ ఊరు అడుగుతావేంటమ్మా?" అన్నాడు. అది మే నెల. బ్యారేజీ దగ్గర నీళ్లాపి కాలవలు కట్టేసి అప్పటికి చాలా రోజులైంది. మిగిలిన మడుగు నీళ్ల మీద సముద్రపు గాలి గుర్రపుడెక్కని ఎగువకి తోస్తోంది. నేను దాన్ని ప్రవాహం అనుకున్నాను. పరుగున వెనక్కి వచ్చి ఆ ఊరు చేరేసరికి డీలరు వెళ్ళిపోయాడు. మేనేజరు గారికి ఫోన్ చేస్తే, "శుక్రవారం ఇంకొక్కసారి పంపిస్తాను. అదే ఆఖరు" అన్నారు.

ఈ సంగతి చెబితే అత్త కళ్ళల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నాకు మండిపోయింది. "నీ మాట విన్నందుకే ఇట్లా అయింది. నీ నీళ్లూ వద్దు, నువ్వూ వద్దు" అనేశాను. ఆవిడ నవ్వు ఆపి నా వైపు చూసింది. శుక్రవారం ఆవిడ బెజవాడ రాలేదు. నేను పామర్రులో బస్సు దిగేసరికి కాలవ వంతెన మీద నిలబడి ఉంది. ఆ రోజు బేరం మానుకుని వచ్చింది.

"కాలవ కట్టేసిన రోజుల్లో నీళ్లనడక్కూడదు. నీళ్లు లేనప్పుడు గాలి అబద్ధాలాడుద్ది. కిందకి చూడు" అని వంతెన స్తంభాలు చూపించింది. పాత గుడ్డపీలికలు, గడ్డి, కొమ్మలు ప్రతి స్తంభానికీ ఒకే వైపు చుట్టుకుని ఎండిపోయి ఉన్నాయి. "చెత్త పట్టుకున్న వైపు ఎగువ. నీళ్లు పోయినా అవి వచ్చిన దారి చెరిగిపోదే." నేను ఆ స్తంభాల్ని చూస్తూ ఉండిపోయాను. ఎన్ని వంతెనలు దాటి ఉంటాను! అన్నిటి మీదా దారి అంత స్పష్టంగా రాసి ఉంది. చదువుకున్న నేను చదవలేదు. చదువు రాని ఆవిడ చదివింది. డీలరు ఒప్పుకున్నాడు. ఉద్యోగం నిలిచింది. ఇప్పటికీ ఆ ఉద్యోగమే.

క్షమించమని అడగబోతే, "పోవే, ఎండన పడి తిరిగినోళ్లకి కోపం రాకుండా ఉంటదా" అని కొట్టిపారేసింది.

మరి కాలవల్లేని ఊళ్ల మాటేమిటంటారా? నేనూ అడిగాను. విశాఖపట్నంలో నిలబడి ఒక్క క్షణం చూసి, "ఇక్కడ కాళ్ళే కాలవలు. కాళ్ళకి సుఖంగా ఉంటే సముద్రం, ఆయాసమొస్తే కొండ" అంది. ఇప్పుడు ఫోన్లో మ్యాపు మాట్లాడుతుంది. వింటాను. కానీ వంతెన వస్తే బండి ఆపి స్తంభాల్ని చూస్తాను, ఎవరేమనుకున్నా సరే.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడ మాట నేను నమ్మలేదు. "మా పాయ దగ్గరకి ఒకసారి రా. పోటు వేళకి నీళ్లు వెనక్కి నడుస్తాయి, సముద్రం నుంచి మీ ఇంటి వైపు" అనేది. ఇంకో గాలి కథ అనుకున్నాను. "వస్తాలే అత్తా" అంటూ పదిహేనేళ్లు దాటేశాను. ఆవిడ నా ఊళ్లన్నీ చూపించింది. ఆవిడ ఊరు చూడ్డానికి మాత్రం నాకు తీరిక దొరకలేదు. సిగ్గుగా ఉంది, చెప్పుకుంటున్నాను.

అస్థికలు కలిపే రోజు పొద్దున్నే పాయ ఒడ్డుకి వెళ్ళాం. బావ బంతిపూలు కప్పిన మట్టికుండ తీసుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగి ఆగిపోయాడు. "పోటు మొదలైంది. ఇప్పుడు కలిపితే పైకి కొట్టుకుపోతుంది. మధ్యాహ్నానికి నీళ్లు తీస్తాయి, అప్పుడు కలుపుదాం" అన్నాడు. సముద్రం మీద బతికే మనిషి, అతని లెక్క అతనిది. నేను నీళ్ల వైపు చూశాను. గాలి లేదు. చెట్టు ఆకు కదలడం లేదు. అయినా పాయ మొత్తం, ఒడ్డు నుంచి ఒడ్డుకి, చప్పుడు లేకుండా వెనక్కి నడుస్తోంది. కట్టేసి ఉన్న పడవలన్నీ ముక్కులు సముద్రం వైపు తిప్పుకున్నాయి. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం.

"ఇప్పుడే కలుపు బావా" అన్నాను.

"ఎగువకి పోద్దమ్మాయ్."

"పోనీ. సాయంత్రానికి మళ్ళీ దిగుద్దిగా."

బావ నా వైపు చూశాడు. ఆ మాట అతనికి అర్థమైంది. వాళ్ళమ్మని రోజూ తెల్లవారే స్టేషన్లో దింపి, సాయంత్రం బండికి ఎదురెళ్ళి తెచ్చుకున్నవాడు. వంగి, కుండ నీళ్లలోకి ఒంచాడు. బంతిపూలు ముందు కాస్త తడబడ్డాయి. తర్వాత ఒక్కొక్కటే వరస కట్టి, పడవల మధ్య నుంచి, బెజవాడ వైపు బయల్దేరాయి.