ముందే టిక్కు పెట్టిన డీజిలు

జూన్ 14. హాజరైనవారు: నేను, మా ఆవిడ సత్యవతి, పడవ యజమాని అప్పలరాజు, పదిహేను లీటర్ల వాడేసిన బజ్జీల నూనె. నిక్షేపంలాంటి ఒక పడవ ఇంజను గొంతు నేనెలా నొక్కేశానో చెబుతాను, వినండి.

అప్పటికి నా వయసు అరవై ఒకటి. ఇప్పుడు తలుచుకుంటే వట్టి కుర్రతనం. రిఫైనరీ ల్యాబులో ముప్పై ఏళ్లు చేసిన ధీమాతో, గోపాలపట్నం బజ్జీల బండి నూనెను డీజిలుగా మార్చి ఇస్తానని అప్పలరాజుకు మాటిచ్చాను. వేట నిషేధం ఆ రాత్రితో ముగుస్తుంది. రెండు నెలలు ఒడ్డున కూర్చున్న మనిషికి మర్నాడు తెల్లారకముందే మొదటి వేట.

పద్ధతి సులువే. మూత బిగించిన ఉక్కు పాత్రలో నూనెను బాగా కాచి, ఆ ఆవిరిని తెల్లటి ఉత్ప్రేరకం గుళికల మీదుగా పంపాలి. నూనెను విరగ్గొట్టి పల్చటి ఇంధనం చేసేవి అవే. అవి లేకపోతే చేతికొచ్చేది మాడిన నూనె.

నాకో అలవాటుంది. పొద్దున అక్షరాలు గుండ్రంగా వస్తాయి కదా అని, ఆ రోజు చేయబోయే పనులన్నీ అప్పుడే డైరీలో రాసి టిక్కు పెట్టేస్తాను. గుళికలు తూచడం, నింపడం, ఇంధనం పరీక్షించడం, అన్నింటికీ ఆ రోజు కాఫీకి ముందే టిక్కులు పడ్డాయి. ఉత్సాహం ఆగక మర్నాటి పేజీ కూడా నింపేశాను.

సాయంత్రం ఫిషింగ్ హార్బర్‌లో నా డీజిలు పోశాం. ఇంజను రెండు నిమిషాలు బజ్జీల వాసన వదిలి, పొలమారిన తాతయ్యలా దగ్గి ఆగిపోయింది.

“ఏటి బావా ఇది? తెల్లారగట్ల ఏటకెల్లాల నాను” అన్నాడు అప్పలరాజు. గొంతు పెంచలేదు. అందుకే భయమేసింది.

డైరీ తెరిచి చూపించాను. “టిక్కులన్నీ ఉన్నాయి. తప్పు నీ ఇంజనుదే.”

“అయితే ఆ టిక్కులు ఇంజనుకే సదివి ఇనిపించు బావా. ఇంటదేమో.”

ఇంతలో మా ఆవిడ ఫోను. “ఏవండీ, కాటా మీద తెల్ల గుళికలు తూచి అలాగే వదిలేశారు. తీసేయనా? అప్పడాల పిండి తూచుకోవాలి.”

మర్నాడు ఐదింటికి హార్బర్‌కు వెళ్లాను. మిగతా పడవలన్నీ అప్పటికే దూరాన చుక్కలైపోయాయి. అప్పలరాజు ఇంజను విప్పి కడుగుతున్నాడు. నేనూ చీపురుపుల్లతో గొట్టాలు గోకుతూ కూర్చున్నాను.

“ఇయ్యాల్టి పేజీలో ఏటి రాసినావు బావా?”

దాచలేక చూపించాను. ‘అప్పలరాజు పడవ నాలుగింటికి బయల్దేరింది.’ పక్కన టిక్కు.

అతను నా పెన్ను తీసుకుని ఆ టిక్కును అడ్డంగా కొట్టేశాడు. తొమ్మిదిన్నరకు పడవ నిజంగా కదిలాక, తనే టైము దిద్ది, కొత్త టిక్కు పెట్టి డైరీని ఒడ్డు మీదికి విసిరాడు.

చేయని పనికి ఈ జన్మలో టిక్కు పెట్టనని ఆ ఇంజను సాక్షిగా ప్రమాణం చేశాను. ఇంటికెళ్లి డైరీలో డిసెంబరు ముప్పై ఒకటో పేజీ తీసి, ‘ప్రమాణం నిలబెట్టుకున్నాను’ అని రాసి, టిక్కు కూడా పెట్టాను.