ఆటకు దొరకని సెలవు

మా పక్కింటి పెద్దాయన పోయారు. కబురు చెప్పింది మా వీధి చివర బేస్‌మెంట్‌లో ఉండే వరంగల్ కుర్రాడు. పొద్దున్నే షిఫ్ట్ దిగి వస్తూ మా గుమ్మం ముందు ఆగి, "అంకుల్, సున్నం తాత పోయిండట" అన్నాడు.

పోయినవారి గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. ముందు నా చిరాకు కాస్త దించుకోనివ్వండి. ఆయన జీవితమంతా ఒక్క కోరిక కోరారు. ఎవరి సొత్తూ అడగలేదు. అదీ తీరకుండానే పోయారు.

కెనడాలోని ఈ గ్వెల్ఫ్ ఊళ్ళో మా వీధి వెనక ఒక గడ్డి మైదానం ఉంది. ఏటా మంచు కరిగి నేల ఆరగానే పెద్దాయన చక్రమున్న పాత డబ్బా ఒకటి తోసుకుంటూ దాని చుట్టూ సున్నంతో గీత గీసేవారు. మన దగ్గర సున్నం తమలపాకుకు రాస్తాం, గోడకు కొడతాం; గడ్డికి పూసే మనిషిని ఇక్కడికొచ్చాకే చూశాను. నేను లేత్ మిషన్ మీద బతికినవాణ్ణి, ఏ గీతకైనా వంక పెడతాను. ఆయన గీతకు పెట్టలేకపోయాను. అన్నట్టు, నాకు ఇంగ్లీషు నేర్పింది కూడా ఆయనే, కంచె మీద మోచేతులు ఆనించి ఫుట్‌బాల్ ఆఫ్‌సైడ్ రూలు వివరిస్తూ. అందుకే నాకొచ్చిన ఇంగ్లీషులో సగం బ్యాంకులో పనికిరాదు.

ఆ డబ్బా వాళ్ళ నాన్నది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు అతను ఇక్కడ ఇనుము పోతపోసే ఫౌండ్రీలో కార్మికుడు, ఊరి ఫుట్‌బాల్ జట్టులో ఎడమవైపు ఆటగాడు. జట్టంతా ఫౌండ్రీవాళ్ళే. పొరుగూరితో పోటీ పడ్డప్పుడల్లా యజమాని అందరినీ ఒకేసారి వదిలేవాడు కాదు, కొలిమి ఆగిపోతుందనేవాడు. ఏడెనిమిది మందితో వెళ్ళి ఓడి వచ్చేవాళ్ళట. యుద్ధం రాగానే అదే యజమాని పదకొండుమందినీ ఒకే పూట వదిలేసి, చేతులు కలిపి మరీ సాగనంపాడు. "ఆటకు దొరకని సెలవు యుద్ధానికి దొరికింది" అనేవాడట వాళ్ళ నాన్న. ఈ మాట పెద్దాయన నాకు ఎన్నిసార్లు వినిపించారో చెప్పలేను.

తిరిగొచ్చినవాళ్ళు కొద్దిమందే. వాళ్ళ నాన్న వచ్చాడుగానీ మోకాలు రాలేదు. ఆడలేని మనిషి గీతలు గీయడం మొదలుపెట్టాడు, ఎప్పటికైనా నిండు జట్లు దిగకపోతాయా అని. కొడుక్కి దక్కిన ఆస్తి ఆ ఎదురుచూపే.

ఏటా నవంబరులో ఊరివాళ్ళు యుద్ధంలో పోయినవారి గుర్తుగా కోటుకు ఎర్రపువ్వు గుచ్చుకుని యుద్ధ స్మారకం దగ్గర నిలబడతారు. ఎవరో ఒకరు వాళ్ళ నాన్న ఫొటో చూపించి, నుదుటి మీది మచ్చను యుద్ధగాయమంటూ పొగిడేవారు. పెద్దాయన నా పక్కన పళ్ళు నూరేవారు. అది బంతి తాడు కోసిన మచ్చ. అప్పటి తోలుబంతికి తాడుతో కుట్టు ఉండేది. వానకు నానితే బండరాయే, తలతో కొడితే నుదురు చీలేది. "సైనికుడిగా ఉన్నది నాలుగేళ్ళు. మిగతా బతుకంతా ఆటగాడు. ఆ ముక్క ఒక్కరైనా చెప్పరేం?" అనేవారు.

ఇంతలో విద్యార్థుల వెల్లువ వచ్చింది. వీధిలో ప్రతి బేస్‌మెంటూ మన పిల్లలతో నిండింది. పిల్లలు మైదానంలో క్రికెట్ ఆడి, బౌండరీ గీసిపెట్టినందుకు ఆయనకు థాంక్స్ చెప్పారు. ఆయన వారంపాటు నాతో కూడా మాట్లాడలేదు. తర్వాత నన్నే రాయబారిని చేశారు. ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్, అటు పదకొండుమంది, ఇటు పదకొండుమంది.

తలలకు కొదవ లేదు. ఒకే గంటకు దొరికితే ఒట్టు. ఒకడు గోడౌన్లో, ఒకడు కాఫీ షాపులో, ఒకడు క్లాసులో. ఒకడు లేచిన పరుపు మీద ఇంకొకడు పడుకునేవాడు. వేసవి వెనక వేసవి ఇదే తంతు. ఒక ఆదివారం తొమ్మిదిమంది వచ్చారు. పెద్దాయన గీత పక్కన మడతకుర్చీ వేసుకుని, "ఇంకొంచెం సేపు చూద్దాం" అన్నారు. చూశాం. వచ్చినవాళ్ళలో ఇద్దరు బస్సుకు వెళ్ళిపోయారు.

"మా నాన్న యజమాని ఇంకా బతికే ఉన్నాడన్నమాట" అని ఆయన కుర్చీ మడిచారు.

అంత్యక్రియలకు మాత్రం పిల్లలందరూ వచ్చారు. ఒక్కడూ తప్పలేదు. నల్లచొక్కాలు వేసుకుని బారుగా నిలబడితే నాకు ఒళ్ళు మండింది. లోపల ఉపన్యాసంలో మళ్ళీ వాళ్ళ నాన్న యుద్ధగాయమే. బయటికొచ్చాక వరంగల్ కుర్రాణ్ణి నిలదీశాను, ఇవాళ ఎలా కుదిరిందిరా అని.

"ఎవరన్నా పోతే ఇస్తరు అంకుల్. మా తాత పోయిండని చెప్పినం."

"అందరూనా?"

"అందరికీ తాతే గద. ఆటకని అడిగితే షిఫ్ట్‌లే కట్ చేస్తరు."

వాడి మీద ఎక్కడ కోప్పడను? మళ్ళీ వాడే అన్నాడు, "అంకుల్, ఇప్పుడైతే అందరం ఉన్నం."

మైదానానికి వెళ్ళాం. ఈ ఏడు గీత మూడు వైపులే ఉంది. నాలుగో వైపు ఉత్త గడ్డి. ఆయన కూతురు వరండాలోంచి బంతి తెచ్చి ఇచ్చింది. పిల్లలు అటూ ఇటూ సర్దుకున్నారు. నిండు జట్లు. బంతి మధ్యలో పెట్టి ఒకడు కాలు వెనక్కి తీశాడు. అంతలో మలుపులో బస్సు కనిపించింది. సగంమందికి సెలవు మధ్యాహ్నం వరకే. బూట్లతో గడ్డి మీద జారుతూ పరుగెత్తారు.

మిగిలినవాళ్ళు నిలబడ్డచోటే నిలబడ్డారు. బంతిని ఎవరూ తన్నలేదు. ఇంకొంచెం సేపు చూద్దామనడానికి గీత పక్కన కుర్చీ లేదు.