అన్న పక్కన చోటు

మా భాభీ ఆత్మకూరులో నలుగురు మగపిల్లల్ని వరసబెట్టి ఓడించిందన్న కబురు నాకు మొట్టమొదట తెచ్చింది, మాకు పాలు పోసే ఆమె. కూతుర్ని చూడటానికి ఆత్మకూరు వెళ్ళిందట. బస్టాండు పక్కన గేముల షాపు ముందు జనం మూగితే, ఏదో తగువనుకుని తొంగిచూసిందట.

"ఏందిమే, మీ వదిన అట్లా కొడతా ఉండాది! టీవీలో మనిషిని లెయ్యనిస్తే గదా! మనిషి బుర్ఖాలో ఉండాది గానీ, వేళ్ళు మాత్రం మిషన్ మాదిరి ఆడతా ఉండాయి." గిన్నెలో పాలు పోసి నా మొహంలోకి చూసింది. "నువ్వు గూడా ఆడతావంట గదా. నీ కన్నా బాగా ఆడతాదా?"

"అల్లా దయ. ఆడనీలే," అన్నాను. పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, పొయ్యి వెలిగించకుండానే చాలాసేపు నిలబడ్డాను.

భాభీ అంటే మా అన్న భార్య. ఆత్మకూరులో పుట్టింట్లో పది రోజులుండి వస్తానని వెళ్ళిన మనిషి. ఆమెకు ఆ ఆట నేర్పింది నేను.

మాది ఉదయగిరి. చెక్క స్పూన్లు, గరిటెలు చెక్కే ఇల్లు. చిన్నప్పుడు జబ్బుచేసి నా బడి ఆగిపోతే, మా దాదీ, అంటే నాయన తల్లి, పక్కన కూర్చోబెట్టుకుని ఖురాను, తెలుగు, చెక్కపని మూడూ నేర్పింది. ఆమె పోయాక నాలుగో చదువు అన్న చెప్పాడు. ఆత్మకూరులో సెల్‌ఫోన్లు రిపేరు చేసే అన్న, ఒకరోజు పాత గేమ్ బాక్సు, రెండు కంట్రోలర్లు తెచ్చి టీవీకి తగిలించాడు. తెర మీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే ఆట. ఐదేళ్ళు అన్న పక్కన చాప మీద చోటు నాదే. గడప ఎక్కువ దాటని నాకు ఆ చోటు ఇచ్చినందుకు నమాజు తర్వాత ఎన్నిసార్లు షుక్రియా చెప్పుకున్నానో లెక్కలేదు.

ఆ ఆట కిటుకు పెద్దదేమీ కాదు. దెబ్బ వస్తే చేతులు అడ్డం పెట్టి ఆపవచ్చు. అడ్డం పెట్టుకుని కదలని మనిషిని దగ్గరకెళ్ళి పట్టుకుని ఎత్తి పడేయవచ్చు. అలా పట్టుకోవడానికి వచ్చేవాణ్ణి ముందే ఒక గుద్దు గుద్ది ఆపవచ్చు. ఏది ఎప్పుడన్నదే తెలివి. గడియారం ఆగేసరికి ఎవరి మనిషికి ప్రాణం గీత ఎక్కువ మిగిలితే వాళ్ళదే గెలుపు. నాది అడ్డం కాచే ఆట. ఎదుటి మనిషి కన్నా ఒక్క దెబ్బ ఎక్కువ కొట్టి, పైన గడియారం సున్నాకొచ్చేదాకా కాచుకుంటాను. విసుగెత్తి వాళ్ళు తప్పు దెబ్బ వేస్తే, అప్పుడు కొడతాను.

"నీతో ఆడేదానికన్నా గోడతో ఆడేది మేలు," అని అన్న తిట్టేవాడు. నాకది బిరుదులాగా ఉండేది.

భాభీ వచ్చాక ఆ గోడకు బీట పడింది. ఆమెది ముందుకురికే ఆట. ఓడినా గట్టిగా నవ్వుతుంది. ఆమె కొట్టిన ప్రతి దెబ్బకూ అన్న "అబ్బో!" అనేవాడు. ఐదేళ్ళలో నేను కాచిన ఒక్క అడ్డానికైనా అన్న "అబ్బో" అన్నట్టు గుర్తులేదు. ఒక సాయంత్రం వాళ్ళిద్దరి నవ్వులు వింటూ, స్పూనును నున్నగా అరగదీసే ఆకురాయి పట్టిస్తూ కూర్చున్నాను. చూసుకునేసరికి స్పూను మెడ దారంలా అరిగి విరిగింది. పొద్దున్నుంచి చెక్కిన స్పూను అది.

భాభీ ఆటలో ఒక లోపం నాకొక్కదానికే తెలుసు. రెండు దెబ్బలు తగలగానే సంబరంలో పైకెగురుతుంది. గాల్లో ఉన్న మనిషికి అడ్డం పెట్టుకోవడం కుదరదు. కిందనుంచి కొడితే పడుతుంది. "నా ఆటలో తప్పేముండాది? చెప్పవా," అని రెండుసార్లు అడిగింది. "ఏం లేదు భాభీ, బాగుండాది," అన్నాను. రోజూ ఐదుపూటలా నమాజు చదివే నోటితోనే అన్నాను ఆ మాట.

ఆత్మకూరు నుంచి ఆమె తిరిగొచ్చిన వారానికి అన్న ఇంకో సంగతి తెచ్చాడు. నెల్లూరులో జంటల పోటీ పెడుతున్నారు. తనతో ఒకరిని తీసుకెళ్ళాలి.

"ఇద్దరూ ఆడండి. గెలిచినామె నాతో వస్తాది. మళ్ళీ ఓడినామె ఇంట్లో గిన్నెలు ఎగరేస్తే నేను పూచీ గాదు," అన్నాడు.

"గోడను పగలగొట్టి పోతా," అంది భాభీ.

"ముందు నీ తల గాసుకో," అన్నాను. నవ్వుతూనే అన్నాను, నవ్వు మాత్రం పళ్ళ దాకానే వచ్చింది.

చెరి రెండాటలు గెలిచాం. ఐదోదే తేల్చేది. తొమ్మిది సెకన్లు మిగిలాయి. నా మనిషి ప్రాణం ఆమె మనిషి కన్నా కొంచెం ఎక్కువ. అడ్డం పెట్టుకుని కూర్చుంటే చాలు, నెల్లూరు నాది. అప్పుడు మసీదు నుంచి అసర్ అజాన్, సాయంత్రం నమాజు పిలుపు, వినిపించింది.

అజాన్ వినగానే చేతిలో ఉలి కింద పెట్టడం దాదీ పెట్టిన కట్టుబాటు. మా ఇంట్లో అది ఆటకూ వచ్చింది. అన్న ఆట ఆపాడు. కంట్రోలర్లు చాప మీద పెట్టాం. భాభీ కొంగు తల మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, అజాన్‌లో ఒక్కో మాటకూ మెల్లగా బదులు పలుకుతోంది. నా పెదాలూ కదిలాయి. లోపల మాత్రం, ఆట మొదలవగానే ఈమె ఎగురుతుంది, కిందనుంచి కొట్టాలి, ఏ బటన్ ముందు, ఏది తర్వాత, ఇదే లెక్క. అజాన్ అయిపోయిందని కూడా నాకు తెలియలేదు.

"కానీండి," అన్నాడు అన్న.

భాభీ ఎగరలేదు. నాలుగడుగులు నడిచి వచ్చి, అడ్డం పెట్టుకుని నిలబడ్డ నా మనిషిని పట్టుకుని ఎత్తి పడేసింది. ప్రాణం లెక్క తిరగబడింది. ఇంక నాలుగు సెకన్లు. ఇప్పుడు నేను ముందుకురకాలి. ఐదేళ్ళు గోడలా నిలబడ్డ నాకు ఉరకడం చేతకాలేదు. వేసిన గుద్దు గాల్లోనే తప్పింది, నెల్లూరు ఆమెదైంది.

"ఎగరకుండా పట్టుకోవాలని ఎవురు చెప్పినారు నీకు?" అన్నాను.

"నువ్వే గదా. గట్టి కర్రను ఉలితో పొడవొద్దు, పట్టుకుని తిప్పుకోమంటివి గదా, స్పూను చెక్కేది నేర్పేటప్పుడు."

అది దాదీ నాకు చెప్పిన మాట. నా చేతి మీదుగా ఆమెకు చేరింది.

నెల్లూరు వెళ్ళే పొద్దున భాభీకి టిఫిన్ డబ్బా కట్టిచ్చాను. "రెండు దెబ్బలయ్యాక ఎగరొద్దు" అన్న మాట నాలుక మీదికి వచ్చింది. బస్సు హారన్ కొట్టింది. మింగేశాను. వాళ్ళు మొదటి ఆట గెలిచి, రెండోది ఓడి, చీకటి పడకముందే ఇల్లు చేరారు.

"ఎగిరినప్పుడల్లా కిందనుంచే కొట్టినారు. ఎట్లా కనిపెట్టినారో ఏమో!" అంది భాభీ చెప్పులు విడుస్తూ.

"నాకు ముందే తెలుసు భాభీ."

ఆమె చెయ్యి చెప్పు మీదే ఆగింది. "తెలిసీ చెప్పలేదా?"

"చెప్పలేదు."

"ఆడబిడ్డ అనిపించుకున్నావు పో." నవ్వలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి చాప పరిచి, కంట్రోలర్ నా ఒళ్ళో పడేసింది. "కొట్టు. ఎగిరిన ప్రతిసారీ కొట్టు. నా కాళ్ళకు బుద్ధొచ్చేదాకా కొట్టు," అంది.

ఇప్పుడు రోజూ కొడుతున్నాను. మళ్ళీ పోటీ పెడితే వెళ్ళేది ఆమే. అన్న "అబ్బో" అన్నప్పుడల్లా నా గుండెలో ఆకురాయి ఇంకా కదులుతూనే ఉంది. దాదీనిచ్చినందుకు, అన్ననిచ్చినందుకు, చేతిపనినిచ్చినందుకు షుక్రియా చెప్పుకుంటాను. భాభీ వంతు వచ్చేసరికి మాట తడబడుతుంది, సగంలోనే ఆమీన్ అనేస్తాను. అందుకే ఇది చదివినవాళ్ళను ఒకటి అడుగుతున్నాను. మీరు ఏ దేవుడికి చేతులెత్తినా, ఆత్మకూరు నుంచి మా ఇంటికొచ్చిన ఆ మనిషిని ఒక్కసారి తలచుకోండి. ఆమెను నిండుగా తలచుకోవడం నాకు చేతనయ్యేదాకా.