రాయప్ప తాతకు తెలియని జవాబు

పక్కింటివాళ్ళు గంజి పెట్టిన బట్టలు ఆరవేసినప్పుడల్లా ఆ పులిసిన అన్నం వాసన గోడ దాటి వచ్చి, నన్ను పుదుచ్చేరిలోని మా పాత వీధికి, ఫ్రెంచివాళ్ళ కాలపు ఆదివారాలకు లాక్కుపోతుంది. ఆ రోజు మిల్లు కూత ఉండేది కాదు. చర్చి నుంచి వచ్చిన మగవాళ్ళు గంజి చొక్కాలు ఫెళఫెళలాడుతుండగా రాయప్ప తాత తిన్నె మీద చేరేవాళ్ళు. ఆడవాళ్ళు ఎదురిళ్ళ గుమ్మాల్లో చింతకాయ తొక్కు నూరుతూనో పిల్లల తలలు దువ్వుతూనో చెవి అటే వేసేవాళ్ళు. మేం ఆడపిల్లలం తిన్నె కింద అచ్చనగిల్లలు ఆడేవాళ్ళం.

రాయప్ప తాత చర్చిలో ఉపదేశి, మా తెలుగు వీధికి పెద్ద. హిందువులైనా క్రైస్తవులైనా చిక్కు వస్తే ఆయన దగ్గరికే వెళ్ళేవాళ్ళు. ఎవరేమడిగినా ఆయన వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. అడిగినదాన్ని ముందు తన మాటల్లో తిరిగి చెప్పేవాడు. "అది కాదు" అంటే మళ్ళీ చెప్పేవాడు. "అదే" అన్నాకే జవాబు. ఒక్క బిడ్డ కోసం ఇద్దరు ఆడవాళ్ళు సొలోమోను రాజు ముందుకు వచ్చినప్పుడు, కత్తి తెమ్మనడానికి ముందు రాజు ఈమె ఇలా అంటోంది, ఆమె అలా అంటోంది అని ఇద్దరి మాటా తిరిగి చెప్పాడట. "అందురూ కత్తినే గుర్తు పెట్టుకున్నారు, రాజు చెవిని ఎవురూ పెట్టుకోలా" అనేవాడు తాత.

మా నాయన జ్ఞానస్నానం పొంది క్రైస్తవుడైనవాడు. అమ్మ పొందలేదు, వంటింటి మూల తన దీపం తాను పెట్టుకునేది. అయినా క్రిస్మస్‌కు అరిసెల్లాంటి అతిరసాలు వండితే వీధి మొత్తంలో అందరికంటే మెత్తటివి ఆమెవే. కార్తీకం వానలకు గోడలన్నీ చెమ్మగిల్లితే నన్ను చీర కొంగులో చుట్టుకుని పడుకునేది. ఒక ఏడు ఆ వానల్లోనే జ్వరం తగిలి పోయింది. నాయనవాళ్ళ సమాధుల తోటలో ఆమెకు చోటు లేదన్నారు. ఊరి బయట కాల్చి వచ్చారు.

తరువాతి ఆదివారం నేను తిన్నె ముందు నిలబడి అడిగాను.

"తాతా, నేను చచ్చిపోతే అమ్మ కాడికి పోతానా, నాయనోళ్ళ కాడికి పోతానా?"

ఆయన నా ప్రశ్నను తిరిగి చెప్పలేదు. "చిన్నబిడ్డవి, నీకెందుకు ఇయ్యన్నీ? పోయి ఆడుకో పో" అన్నాడు. మిల్లు మేస్త్రీ చిన్నప్ప మా నాయన వీపు తట్టి, "నీ కూతుర్ని కోర్టుకు పంపించరా, మంచి వక్కీలు అయితాది" అన్నాడు. అందరూ నవ్వారు. నాయన కూడా కొంచెం నవ్వాడు. ఎన్నో ఏళ్ళ తరువాత చిన్నప్ప పోతే వీధంతా వెళ్ళింది, నేను వెళ్ళలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు కారణం కూడా చెప్పాను.

తాగి వచ్చి అడిగినవాడి మాటను కూడా ఓపిగ్గా తిరిగి చెప్పిన మనిషి, నా దగ్గరికి వచ్చేసరికి తన పద్ధతి మరిచిపోయాడు. ఆయనతో మాట మానేశాను. ఎదురొస్తే గోడవైపు తిరిగేదాన్ని. క్రిస్మస్‌కు ఆయన ఇంటినుంచి వచ్చిన అతిరసాలను అరిటాకుతో సహా తీసుకెళ్ళి వాళ్ళ గుమ్మంలోనే పెట్టి వచ్చాను.

మరునాడు బావి దగ్గర గిన్నెలు తోముతుంటే ఆయన వచ్చి, పంచె తడుస్తున్నా పట్టించుకోకుండా నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మీ అమ్మకు దేవుడు శిక్ష వేసినాడా అని గదా నువ్వు అడగతా ఉండేది?"

"అది కాదు."

"నువ్వు యాడికి పోవాల్నో తెలీలేదని."

"అది గూడా కాదు."

నా చేతిలోని గిన్నె తీసుకుని కడిగి పక్కన పెట్టాడు. "ఆడ మీ అమ్మ ఒక్కతే ఉండాదా అని."

నేను అడిగింది అదేనని నాకూ అప్పుడే తెలిసింది. "అదే" అన్నాను.

"నాకు తెలీదు బిడ్డా" అన్నాడు.

నేను అంతటితో వదల్లేదు. "తిన్నె కాడ అందురూ నన్ను చూసి నవ్వినారు. ఈ మాట ఆడనే చెప్పు."

"వీధికి పెద్దను. నాకే తెలీదంటే ఏమనుకుంటారే?"

"నన్ను చూసి నవ్వినప్పుడు ఏమనుకున్నారు?"

ఆదివారం ఆయన అందరూ కూర్చున్నాక నిలబడి నా ప్రశ్న పూర్తిగా చెప్పాడు. "దీనికి జవాబు నాకు తెలీదు. ఆ పొద్దే ఈ మాట చెప్పాల్సింది, బిడ్డను పొమ్మంటిని" అన్నాడు. "ఉపదేశికే తెలీకుంటే మేం యాడికి పోయి అడిగేది?" అన్నాడు చిన్నప్ప. ఈసారి ఎవరూ నవ్వలేదు. నాయన తల వంచుకుని కొంచెం పక్కకు జరిగాడు. అంతవరకు ఏ ఆడపిల్లా కూర్చోని ఆ తిన్నె మీద తాత నన్ను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

తాత పోయాడు, నాయన పోయాడు, ఫ్రెంచివాళ్ళు పోయారు. తిన్నెలు పగలగొట్టి దుకాణాలు కట్టారు, వాటి ముందు నిలబడటానికి కూడా చోటు లేదు. మొన్న చర్చిలో కుర్ర ఫాదరు దగ్గర కూర్చుని, "మా అమ్మ జ్ఞానస్నానం లేకుండా పోయింది, ఫాదర్" అన్నానో లేదో, దేవుని దయ ఎంత గొప్పదో చక్కగా, నవ్వు ముఖంతో చెప్పడం మొదలుపెట్టాడు. మంచివాడే. మిగతా సగం ప్రశ్న నోట్లోనే పెట్టుకుని లేచి ఇంటికి వచ్చాను.