బల్ల కింద కాళ్ళు

మా చెల్లెలు హైమావతికి కంగారు పుట్టుకతోనే వచ్చింది. ఆకాశంలో కాస్త మబ్బు కనపడితే చాలు, బేస్‌మెంట్‌లోకి నీళ్ళొచ్చేస్తాయని బకెట్లు సర్దుతుంది. అందుకే దాని కూతురు సాత్విక స్పెయిన్ వెళ్తూ, అత్యవసరమైతే ఫోన్ చేయాల్సిన మనిషిగా తల్లి పేరు కాకుండా నా పేరిచ్చింది. తెలివైన పిల్ల. ఇక్కడ కెనడాలో, హామిల్టన్ ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసి రిటైరైనదాన్ని, నాకు అంత తేలిగ్గా గుండె జారదు.

సాత్విక ఈ ఊళ్ళోనే పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. అలాంటిది హైస్కూల్లో ఒక కొలంబియా పిల్లతో స్నేహం చేసి, స్పానిష్ మీద పిచ్చి పెంచుకుంది. స్పానిష్ టీచరవుతానంది. యూనివర్సిటీలో మూడో ఏడు వచ్చేసరికి, ఒక టర్మ్ స్పెయిన్‌లోని సలమాంకాలో చదివే అవకాశం తెచ్చుకుంది. వేసవంతా కాఫీ షాపులో నిలబడి సంపాదించుకున్న టర్మ్ అది.

హైమ వద్దంటే వద్దంది. లోకమంతా చదువుకోవడానికి కెనడా వస్తుంటే, కెనడా నుంచి ఇంకెక్కడికో వెళ్ళడమేమిటని దాని గోల. నా నోరు ఊరుకోదు కదా, మధ్యలో దూరాను. పిల్లని పంపమనీ, ఏమన్నా తేడా వస్తే నన్నడగమనీ గొప్పగా చెప్పేశాను. జనవరిలో పిల్ల విమానమెక్కింది.

అక్కడ దాని బస పిలార్ అనే ఆవిడ ఇంట్లో. ఇంట్లో ఆవిడా, తొంభై దాటిన వాళ్ళమ్మ ఫెలీసా, అంతే. మొదటి వారం మా వాట్సాప్ గ్రూపు నిండా ఫోటోలే. ఇంట్లోకి రాగానే చెప్పులిప్పేసి ఒట్టి కాళ్ళతో తిరిగితే, జలుబు చేస్తుందని పిలార్ గుండెలు బాదుకుని ఉన్ని చెప్పులు తొడిగించిందట. మన పప్పులాంటిదే వాళ్ళకీ ఉందట, గిన్నెడు తాగేసిందట. బజార్లో వాళ్ళు మాట్లాడే వేగానికి దాని స్పానిష్ కుంటుతోందట, అయినా రొట్టెల కొట్టాయన దీన్ని గుర్తుపట్టి పలకరిస్తున్నాడట. అన్నిటికంటే విచిత్రం, ఆ ఇంట్లో రోజూ పరమాన్నమే. దాల్చినచెక్క పొడి చల్లి మరీ పెడుతున్నారని మురిసిపోయింది.

హైమకి ఆ పరమాన్నం దగ్గరే అనుమానం మొదలైంది. రోజూ తీపి ఎవరు చేస్తారక్కా, ఏదో ఉంది అంది. దాని మొహం, ఏముంటుందని కసిరాను.

మర్నాడే యూనివర్సిటీ ఎక్స్ఛేంజ్ ఆఫీసు నుంచి నాకు ఫోన్ వచ్చింది. ఆ అమ్మాయి చాలా మర్యాదగానే చెప్పింది. సాత్విక పూట పూటా భోజనం దగ్గర కూర్చుని ఏడుస్తోందని ఆ ఇంటావిడ బెంగపడుతోందట. పిల్లనడిగితే బాగానే ఉన్నానంటోందట. ఇలాంటి పిల్లలు దాచుకుంటారనీ, ఇంట్లోవాళ్ళం మాట్లాడి చూడమనీ, తిరిగొచ్చేస్తానంటే ఈ వారంలోనే చెప్పమనీ అంది. తిరిగొస్తే టర్మ్ పోయినట్టే.

నాకు నిజంగానే గుండె జారింది. పంపమన్నది నేనే కదా. హైమకి చెప్పకుండా దాచే ధైర్యం లేకపోయింది. అది మంచులో కారేసుకుని వచ్చి, కోటైనా విప్పకుండా నా సోఫాలో కూలబడి ఏడ్చింది. ఆదివారం సాత్వికతో మాట్లాడి, అదే రోజు టికెట్ తీసేస్తానంది. ఎదురుచెప్పడానికి నాకు మొహం లేదు.

ఆదివారం ఇక్కడ కాఫీల వేళకి అక్కడ మధ్యాహ్నం భోజనం. హైమ లాప్‌టాప్‌లో టికెట్ల పేజీ తెరిచి పెట్టుకుంది. నేను వీడియో కాల్ కలిపాను. సాత్విక తన ఫోన్‌ని నీళ్ళ జగ్గుకి ఆనించి పెట్టింది. గుండ్రటి బల్ల, దాని మీద నేల దాకా వేలాడే మందపాటి గుడ్డ. ముగ్గురూ ఆ గుడ్డని ఒళ్ళోకి లాక్కుని కూర్చున్నారు. సాత్విక బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. నవ్వుతూ క్లాసుల సంగతులు మొదలుపెట్టింది.

మాట మధ్యలో ఉన్నట్టుండి తల వంచింది. పక్కకి ఒరిగి, మళ్ళీ నిటారుగా కూర్చుని, రెండు కళ్ళకీ వేళ్ళు ఆనించుకుంది. మళ్ళీ కబుర్లు. హైమ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. కాసేపటికి మళ్ళీ అలాగే. ఈసారి పిలార్ దీనంగా ఫోన్ వంక చూసింది, చూశారుగా అన్నట్టు.

"అదిగో అక్కా, ఏడుస్తోంది," అని హైమ లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది.

నేను కళ్ళజోడు సరిచేసుకుని, ఫోన్‌కి దగ్గరగా జరిగాను. కళ్ళలో తడి లేదు. ఏడ్చేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు గానీ ఇలా అద్దుకోరు.

"ఏమ్మా సాత్వికా, ఆ బల్ల కింద ఏముందే?" అన్నాను.

అది తెల్లబోయి ఇంగ్లీషులో చెప్పుకొచ్చింది. ఆ బల్ల కింద హీటర్ ఉంటుందట. చలికాలమంతా అందరూ ఆ గుడ్డ కింద కాళ్ళు పెట్టుకునే తింటారట. ఇరుకు కదా, అస్తమానం ఎవరి కాలో ఒకరికి తగులుతుందట.

నేను నవ్విన నవ్వుకి కాఫీ ఒలికింది. ఓసి నీ దుంపతెగ! కాలు తగిలితే ఆ మనిషిని తాకి కళ్ళకద్దుకోవడం దీనికి నేర్పిందెవరు? నేనే. నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు నా ఒళ్ళో తన్నినప్పుడల్లా చెప్పి చెప్పి అలవాటు చేశాను. తెలుగులో నాలుగు మాటలు పలకదు గానీ, ఇది మాత్రం ఒంటికి పట్టేసింది. చేస్తున్నట్టు దానికే తెలీదు.

దాన్ని చూసి అందరూ ఏడుపనుకున్నారని చెబితే సాత్విక నోరు తెరిచేసింది. పిలార్‌కి గబగబా స్పానిష్‌లో చెప్పింది. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. పిల్ల బెంగతో ఏడుస్తూ, ధైర్యం కోసం తన మోకాలు పట్టుకుంటోందని అనుకుందట పాపం. ఓదార్చడానికే రోజూ పరమాన్నం వండుతోందట. హైమ మాత్రం నవ్వలేదు. ఇవాళ ఇది, రేపింకేదో, తనవాళ్ళెవరూ లేనిచోట పిల్లని ఎలా ఉంచనంటూ టికెట్ల పేజీని వదల్లేదు.

ఇంతలో పిలార్ ఏదో అడిగింది. సాత్విక నావైపు తిరిగింది. అలా ఎందుకు చేస్తామో తనకీ తెలీదట. అది విని నాకు కాస్త సిగ్గేసింది. చేయించానే గానీ ఎప్పుడూ చెప్పలేదు.

"ఎదుటి మనిషిలో దేవుడుంటాడమ్మా. ఆయనకి కాలు తగిలినట్టు. అందుకని తప్పైందని కళ్ళకద్దుకుంటాం, అంతే."

సాత్విక నెమ్మదిగా, మాటలు వెతుక్కుంటూ అది వాళ్ళకి చెప్పింది. ఫెలీసా మామ్మకి చెవుడు. పిలార్ ఆవిడ చెవిలో గట్టిగా మళ్ళీ చెప్పింది. మామ్మ చెంచా కింద పెట్టింది. తరవాత బల్ల గుడ్డ కొంచెం కదిలింది. కావాలనే కాలు కదిపిందో, నిజంగానే తగిలిందో, ఆవిడకే తెలియాలి. చెయ్యి చాచి మా పిల్ల మోకాలు తాకి, ఆ వేళ్ళు తన ముడతల కళ్ళకి ఆనించుకుంది.

సాత్విక కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. చెంపల మీదికి జారాయి. పిలార్ అది చూసి, ఇప్పుడు అన్నీ తెలిసిన మనిషిలా తల పంకించి, రొట్టె కోయడంలో పడింది.

హైమ ఫోన్ మీదికి వంగింది. "ఏడుస్తున్నావా అమ్మలూ?"

"లేదమ్మా," అంది సాత్విక, శుభ్రమైన తెలుగులో. "కాలు తగిలింది."

హైమ కొంగుతో ముక్కు తుడుచుకుంది. లాప్‌టాప్ మూసేసి సోఫా మీద పడేసింది.

"ఆ పరమాన్నంలో యాలక్కాయలు వేస్తారేమో పిలార్ గారిని అడుగు," అంది చివరికి. "లేకపోతే ఇక్కణ్ణుంచి పంపిస్తాను."