అరచేతి కింది గేరు

మొన్న మా మనుమరాలు కొత్త కారు కొనుక్కుని, అందరికంటే ముందు నన్ను ఎక్కించుకుని మహబూబ్‌నగర్ బజార్లన్నీ తిప్పింది. పక్క సీట్లో కూర్చున్న నా కుడి చెయ్యి, నన్నడగకుండానే, రెండు సీట్ల మధ్యకు పోయి దేనికోసమో తడుముకుంది. అక్కడ గేరు కడ్డీ లేదు. ఒక గుండ్రటి బిళ్ల ఉంది. రేడియో చప్పుడు పెంచినట్టు దాన్ని రెండు వేళ్లతో తిప్పితే బండి ముందుకు పోతుందట, వెనక్కు వస్తుందట. "ఏం దేవులాడుతున్నవ్ అవ్వా?" అని ఆ పిల్ల అడిగితే ఏమీ లేదన్నాను. దానికి చెప్పలేకపోయాను గానీ, నా ఈడు వాళ్లు కాబట్టి మీకు చెప్పుకోవచ్చు.

మాది అచ్చంపేట దగ్గర గొర్రెలు పెంచుకునే కుటుంబం. మా ఆయన సంతలకు గొర్రెలను తీసుకుపోయే వ్యాను నడిపేవాడు. ఆయన గేరు మారిస్తే వెనకున్న గొర్రెలకు కూడా తెలియదని తోటివాళ్లు చెప్పుకునేవారు. అలాంటి మనిషికి, తెలంగాణ వచ్చిన కొత్తలో, ఒక పొద్దున పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. మాట మిగిలింది, కోపం మిగిలింది, కర్ర సాయంతో నడక కూడా మెల్లగా వచ్చింది. బండి మాత్రం రాలేదు. వీధిలో వ్యాను చప్పుడు వినబడితే చాలు, తింటున్న అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. ఆయన మళ్లీ స్టీరింగు పట్టుకోకుండానే పోతాడేమోనని భయపడేదాన్ని.

కొన్నేళ్లకు మా బిడ్డ ఎవరో వాడిన ఆటోమేటిక్ కారు ఒకటి కొనుక్కొచ్చింది. దానికి క్లచ్ లేదు, ఎడమ కాలితో పనే లేదు. దవాఖానలో డాక్టరు సరేనన్నాడు, కాగితాలూ కుదిరాయి. తీరా ఆయన కూర్చున్నాక చూస్తే, గేరు పిడికి పక్కనున్న మీటను బొటనవేలితో నొక్కితేనే కడ్డీ కదులుతుంది, ఆయన ఎడమ చెయ్యేమో కాస్త కదులుతుంది గానీ బొటనవేలు వంగదు. "కాలు లేకున్న నడిచే బండి తెచ్చినవ్ బిడ్డా, చెయ్యి లేకున్న నడిచేది దొరకలేదా?" అన్నాడు. అందరం నవ్వాం, ఆయన కళ్లు నవ్వలేదు. మా బిడ్డ పట్టు వదలక ఎక్కడెక్కడో వెతికి ఇంకో పిడి తెప్పించింది. వెడల్పాటి ఇనుప పిడి. మీట పైనే ఉంది, అరచేత్తో అదిమితే చాలు.

మెకానిక్కును పిలుస్తానంటే ఒప్పుకోలేదు, నా బండికి నేనే బిగించుకుంటానన్నాడు. ఆయనకున్నది ఒక్క చెయ్యి, కాబట్టి రెండో చెయ్యి నేనయ్యాను. తోలు ముసుగు కిందికి లాగి, లోపలి క్లిప్పు తీసి, పాత పిడిని రెండు చేతులా గుంజితే అది ఒక్కసారిగా ఊడొచ్చి నేను వెనక్కి పడ్డాను. జబ్బు చేశాక ఆయన అంత పెద్దగా నవ్వడం అదే మొదలు. కొత్త పిడి పెట్టి చుట్టూ ఉన్న చిన్న మరలు బిగిస్తుంటే, "జర మెల్లగ, జర మెల్లగ" అని చెవి దగ్గర ఒకటే నస. ఇన్నేళ్ల కాపురంలో ఆయన పనిలో నేను చెయ్యి పెట్టింది ఆ రోజే.

బండి తియ్యబోయే ముందు పిడికి పసుపు కుంకుమ పెట్టి, పసుపు దారం చుట్టాను. వ్యానుకూ అట్లాగే కట్టేవాళ్లం. ఆయన బ్రేకు మీద కుడికాలు పెట్టి, ఎడమ అరచేతిని పిడి మీదికి తెచ్చి అదిమాడు. మీట దిగలేదు. మళ్లీ అదిమాడు, మెడ నరాలు ఉబ్బేదాకా అదిమాడు. చివరికి ఆ చేతిని రెండో చేత్తో ఎత్తి, నిద్రపోయిన పసిబిడ్డను పడుకోబెట్టినట్టు ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇగ లాభం లేదే. గీ చెయ్యి సచ్చిపోయింది" అన్నాడు.

నాకు ఏడుపు ముంచుకొచ్చి తల దించుకున్నాను. దించుకున్నాను కాబట్టే కనబడింది: నేను చుట్టిన దారం జారి మీట సందులో ఇరుక్కుని ఉంది.

"చెయ్యి కాదయ్యా, నా దారం!" అని అరిచి దాన్ని పీకేశాను.

"దేవునికి మొక్కమన్న గని, దేవున్ని గేరుల కుక్కమన్ననా?" అని తిట్టి, మళ్లీ అదిమాడు. మీట దిగింది, కడ్డీ జరిగింది, బండి కదిలింది. మంచినీళ్ల గ్లాసు ఎత్తలేని చెయ్యి అంత బండిని కదిలించింది! వానాకాలపు నల్లమలను చూశాను, ఆలంపూర్ దగ్గర నిండుగా పారే తుంగభద్రను చూశాను. నా రెండు చేతులూ వాటంతటవే జోడించుకున్నది మాత్రం ఆ క్షణానే.

తరువాత ఆ ఆలంపూర్‌కు కూడా ఆయనే నన్ను తీసుకుపోయాడు. దారి పొడుగునా పిడి మీద ఆయన చెయ్యి, ఆయన చేతి మీద నా చెయ్యి.

ఆయన పోయాక ఆ కారును అమ్మేశాం. ఇప్పటి బండ్లకు మనిషి చేతి బలంతో పనిలేదు. మంచిదే, ఆయనలాంటి వాళ్లకు ఎంతో సుఖం. చెయ్యి మీద చెయ్యి వేసుకునే జాగా మాత్రం లేకుండా పోయింది. కారు ఇచ్చేసే రోజు పాత పిడిని తిరిగి బిగించి, ఇనుప పిడిని నేనే విప్పి తెచ్చుకున్నాను. ఏ మరను ఎటు తిప్పాలో నాకు బాగానే గుర్తుంది. అయినా ప్రతి మర దగ్గరా కాసేపు ఆగాను, ఎవరైనా "జర మెల్లగ" అంటారేమోనని.